కురుసుర ఎదురుగా మురీ మిక్చర్ బండి

వారమంతా ఆఫీసు టెన్షన్‌లో ఉన్నా శనివారం సాయంత్రం గుర్తొస్తే చాలు, నోట్లో నీళ్లూరతాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర సబ్‌మెరైన్ తెలుసు కదా, దానికి దగ్గర్లోనే ఈ మురీ (మరమరాల) మిక్చర్ బండి. ఉల్లిపాయ ముందే తరిగి పెట్టుకోడు, మనం అడిగాకే సన్నగా తరుగుతాడు, టమాటా, కొత్తిమీర, వేయించిన పల్లీలు, కారం వేసి నిమ్మకాయ పిండి గిన్నెలో గరిటెతో టకటకా కలిపి పొట్లంలో పోసి, పైన ఇంకో నాలుగు పల్లీలు చల్లి ఇస్తాడు. ఆ నాలుగు పల్లీలంటే నాకు ప్రాణం!

వెంటనే తినేయాలి, అక్కడ గాలికి మురీలు ఇట్టే మెత్తబడిపోతాయి. పార్సిల్ మాత్రం వద్దు, ఒకసారి ఇంటికి తీసుకెళ్తే ముద్దయిపోయింది. ఆదివారం జనం ఎక్కువ, చాలాసేపు నిలబడాలి.

పొట్లం పట్టుకుని గోడ మీద కూర్చుంటే కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, ఎదురుగా హార్బర్ లోపలికి వెళ్లడానికి ఆగిన ఓడలు. అవి ఏ దేశం నుంచి వచ్చాయో, లోపల వంటవాడు ఈ పూట ఏం వండుతున్నాడో అనుకుంటూ ఉండగానే పొట్లం ఖాళీ. ఈ శనివారం అమ్మని కూడా తీసుకెళ్తున్నా, కారం తక్కువ వేయమని చెప్పాలి.