ఆరేళ్లు వాడిన ఫైర్‌వాల్: నిఘా పెట్టెకే కన్నం పడితే

మా సంస్థ ఈ ఫైర్‌వాల్‌ను, అంటే ఇంటర్నెట్‌కూ మా నెట్‌వర్క్‌కూ మధ్య కాపలా కాసే పెట్టెను, 2019 చివర్లో కొన్నది. మూడు శాఖలు, 140 మంది ఉద్యోగులు, ఇంటి నుంచి పనిచేసేవారికి వీపీఎన్ (సంస్థ నెట్‌వర్క్‌లోకి సురక్షితంగా వచ్చే దారి). దీని బాగోగులు చూసేది నేను, నాతో పాటు ఒక యువ సహోద్యోగి. తయారీదారు పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ఇబ్బంది ఆ ఒక్క కంపెనీకి పరిమితమైనది కాదు.

మామూలు రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వేగం చాలింది. లాక్‌డౌన్‌లో ఉద్యోగులంతా ఒక్కసారిగా ఇళ్లకు వెళ్లినప్పుడు కూడా వీపీఎన్ మొరాయించలేదు. ఒక వేసవిలో ఫ్యాన్ పాడైతే నాలుగు రోజుల్లో మార్చి ఇచ్చారు. లైసెన్స్ రెన్యువల్ ధర మాత్రం ఏటా పెరుగుతూనే వచ్చింది. ఇంతవరకే అయితే ఈ సమీక్ష రాయాల్సిన పని లేదు.

2024 ఏప్రిల్ 12న ఫైర్‌వాల్‌లు తయారుచేసే పాలో ఆల్టో నెట్‌వర్క్స్ ఒక ప్రకటన చేసింది. తమ ఫైర్‌వాల్‌లను నడిపే సాఫ్ట్‌వేర్ పాన్-ఓఎస్‌లో కమాండ్ ఇంజెక్షన్ లోపం ఉందని, దాన్ని అప్పటికే దాడులకు వాడుతున్నారని దాని సారాంశం. లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2024-3400. తీవ్రత 10కి 10. మా పెట్టె ఆ కంపెనీది కాదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే దాడికి దారి ఇచ్చింది వీపీఎన్ సేవ. అలాంటి సేవ మా దగ్గరా ఇంటర్నెట్ వైపు తెరిచే ఉంది.

ఈ లోపమేమిటో మా యాజమాన్యానికి ఇలా వివరించాను. గుమ్మం దగ్గర వచ్చినవారి పేర్లు రిజిస్టరులో రాయించుకునే గుమాస్తా ఉన్నాడు. ఒకడు వచ్చి, పేరు రాయాల్సిన గడిలో ‘బీరువా తాళం తీసి ఇవ్వండి’ అని రాశాడు. గుమాస్తా దాన్ని పేరుగా కాక యజమాని ఆజ్ఞగా చదువుకొని తాళం తీసి ఇచ్చాడు. పాన్-ఓఎస్‌లో జరిగింది దాదాపు అదే. గ్లోబల్‌ప్రొటెక్ట్ అనే వీపీఎన్ సేవ, లాగిన్ కాని మనిషి పంపిన సెషన్ కుకీని (తన గుర్తుగా పంపే చిన్న వివరాన్ని) సరిగా పరీక్షించలేదు. దానివల్ల అతడు కోరుకున్న పేరుతో పెట్టె లోపల ఒక ఖాళీ ఫైలు తయారయ్యేది. తర్వాత టెలిమెట్రీ, అంటే పెట్టె తన స్థితిగతులను కంపెనీకి పంపే ప్రక్రియ, ఆ ఫైలు పేరును తీసుకెళ్లి షెల్ కమాండులో (ఆపరేటింగ్ సిస్టమ్‌కు నేరుగా ఇచ్చే ఆజ్ఞలో) అతికించేది. పేరులోనే కమాండు దాగి ఉంటే అది రూట్ అధికారంతో, అంటే పెట్టె మీద పూర్తి హక్కుతో నడిచేది.

2023లో బారకూడా కంపెనీ ఈమెయిల్ గేట్‌వేలో (మెయిళ్లను వడకట్టే పెట్టెలో) బయటపడిన సీవీఈ-2023-2868 కూడా ఈ కోవదే. అక్కడ సరిచూడకుండా వదిలేసింది మెయిల్‌కు జతచేసిన టార్ ఫైలు (ఎన్నో ఫైళ్లను ఒకటిగా కట్టిన మూట) లోపలి ఫైళ్ల పేర్లను. ఆ దాడికి గురైన పెట్టెలను ప్యాచ్‌తో (లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌తో) సరిపెట్టుకోకుండా పూర్తిగా మార్చేయమని కంపెనీయే చెప్పింది. రెండుసార్లూ దాడి దూరింది ఫైలు పేరులోంచే. పాస్‌వర్డు గడిని ఎవరైనా అనుమానిస్తారు, ఫైలు పేరును ఎవరు అనుమానిస్తారు?

ఆ ఏప్రిల్‌లో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది తాత్కాలిక రక్షణ సలహా మారిన తీరు. టెలిమెట్రీని ఆపేస్తే చాలునని మొదట చెప్పారు. కొద్ది రోజులకే అది పనిచేయదని సవరించారు. మిగిలింది 95187 అనే ముప్పు సంతకం (దాడి రూపాన్ని గుర్తుపట్టి ఆపే నమూనా). అది థ్రెట్ ప్రివెన్షన్ చందా ఉన్నవారికే దొరుకుతుంది, దాన్ని గ్లోబల్‌ప్రొటెక్ట్ ఇంటర్‌ఫేస్‌కు వర్తింపజేస్తేనే అడ్డుపడుతుంది. మొదటి ప్యాచ్‌లు ఏప్రిల్ 14న వచ్చాయి. టెలిమెట్రీ ఆపేసి నిశ్చింతగా పడుకున్న అడ్మిన్లు ఎందరో ఉండి ఉంటారు. వారి స్థానంలో నేనుంటే నేనూ అదే చేసేవాణ్ని. అందుకే ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు.

దాడిని కనిపెట్టిన వోలెక్సిటీ అనే సైబర్ భద్రతా సంస్థ దాని మొదటి జాడలను మార్చి 26 వరకు వెనక్కి తీసుకెళ్లగలిగింది. ప్రకటనకు 17 రోజుల ముందు! మా పెట్టెలో లాగ్‌లు (జరిగినవాటి నమోదులు) ఎన్నాళ్లు నిలుస్తున్నాయో చూశాను. 12 రోజులు. మాకే ఆ గతి పట్టి ఉంటే తొలి జాడ చెరిగిపోయి ఉండేది. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. మేము సర్వర్ల లాగ్‌లు దాచాం, ఫైర్‌వాల్ లాగ్‌లను మరిచిపోయాం. అది మా తప్పే.

మరుసటి వారమంతా ఆ పని మీదే ఉన్నాం. లాగ్‌లు వెంటవెంటనే వేరే సర్వరుకు వెళ్లేలా చేశాం. పెట్టె అడ్మిన్ పేజీ ఒక శాఖ సౌకర్యం కోసం నాలుగేళ్లుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉందని అప్పుడే గమనించి మూసేశాం. ఇక అది సర్వర్ గదిలోని ఒక్క కంప్యూటర్ నుంచే తెరుచుకుంటుంది. మర్నాడే ఆ శాఖ నుంచి ఫోను: “సార్, పేజీ రావడం లేదు.” రాదని, ఇక ముందు కూడా రాదని చెప్పాను.

అన్నిటికంటే ఎక్కువ మేలు చేసిందని నేను నమ్మేది ఇంకొకటి: పెట్టె తానుగా బయటికి చేసే కనెక్షన్లను కట్టడి చేయడం. లోపలికి వచ్చేవాటిని జల్లెడ పడతాం గానీ, ఫైర్‌వాల్ ఎవరితో మాట్లాడుతోందో ఎవరూ చూడరు. 2024 దాడిలో చొరబడినవారు ప్రతి నిమిషం తమ సర్వర్ నుంచి ఆజ్ఞలు దింపుకునే క్రాన్ పనిని (నిర్ణీత సమయానికి తానుగా నడిచే పనిని) పెట్టెలో నాటారు. అప్‌డేట్ సర్వర్లు, డీఎన్ఎస్ (సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే సేవ), సమయం చూపే సర్వర్ తప్ప మరో చిరునామాకు పెట్టె వెళ్లలేకపోతే అలాంటి ఎత్తు చాలావరకు వీగిపోతుంది. మా పెట్టెలో ఈ కట్టడి పెట్టడానికి సెట్టింగ్ ఉంది, కానీ మాన్యువల్‌లో దాని గురించి రెండే వాక్యాలు. పక్కనున్న రూటర్‌లో కూడా అదే నియమం రాసుకున్నాం. పెట్టె రూట్ చేతులు మారితే దాని నియమాలూ మారతాయి కదా.

గత ఏడాది వేసవిలో మా వంతు వచ్చింది. మా తయారీదారు నోటీసు పంపాడు: అడ్మిన్ పేజీలోని పింగ్ పరీక్ష (మరో కంప్యూటర్ అందుతోందో లేదో చూసేది) గడిలో కమాండ్ ఇంజెక్షన్. శుక్రవారం సాయంత్రం నోటీసు, మా పాత మోడల్‌కు ప్యాచ్ 11 రోజుల తర్వాత. పేజీ మూసి ఉంది కాబట్టి ఆ 11 రోజులు నెట్టుకొచ్చాం. ప్యాచ్ వేసే ముందు లాగ్‌లు, డయాగ్నోస్టిక్ ఫైలు బయటికి తీసి దాచాం. ముందే ఏదైనా నాటి ఉంటే ప్యాచ్ దాన్ని పీకేయదు, పైగా రీబూట్‌తో ఆధారాలూ పోవచ్చు. అనుమానించాల్సింది ఏదీ కనబడలేదు. అయినా వీపీఎన్ కీలు, సర్టిఫికెట్లు, డొమైన్‌లోకి లాగిన్ అయ్యే సర్వీస్ ఖాతా పాస్‌వర్డు మార్చేశాం. అవన్నీ కాన్ఫిగరేషన్ ఫైలులోనే ఉంటాయి, ఆ ఒక్క ఫైలు పోతే ఇంటి తాళాలన్నీ పోయినట్టే. ఒక రాత్రంతా పట్టింది.

రోజువారీ పనికి ఈ పెట్టెకు 5కి 4 ఇస్తాను. లోపం బయటపడిన రోజుకు 2 మాత్రమే. నోటీసు భాష మసకగా ఉంది. దాడి జరిగిందో లేదో తేల్చుకోవడానికి లాగ్‌లలో ఏం వెతకాలో చెప్పలేదు. 11 రోజుల ఆలస్యానికి కారణం అడిగితే జవాబు రాలేదు. ఇద్దరే ఐటీ మనుషులున్న చిన్న సంస్థ అయితే, దీన్ని కొనే ముందు బాగా ఆలోచించమంటాను.

మార్చిలో లైసెన్స్ ముగుస్తుంది. కొత్త పెట్టె కోసం ముగ్గురు విక్రేతలకు ఒకే ప్రశ్న పంపాను: గత మూడేళ్లలో మీ ఉత్పత్తిలో బయటపడిన తీవ్ర లోపాలేమిటి, ఒక్కోదానికి నోటీసు ఎప్పుడు వచ్చింది, ప్యాచ్ ఎప్పుడు వచ్చింది? ఇద్దరు వేగాల పట్టికలు పంపారు. మూడో ఆయన ఆ తేదీలన్నీ పక్కపక్కనే రాసి పంపారు, రెండు చోట్ల ఆలస్యమైందని కూడా ఒప్పుకున్నారు. ఆయనతో సోమవారం మాట్లాడబోతున్నాం.