కారు తియ్యకుండా ఒక్కరోజు హైదరాబాద్

హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు కారులో బయల్దేరితే ఘట్‌కేసర్ దాకా హాయిగానే ఉంటుంది. నారపల్లి దాటాక మొదలవుతుంది అసలు సంగతి. ఏళ్ల తరబడి సాగుతున్న ఫ్లైఓవర్ పిల్లర్ల మధ్య నుంచి ఉప్పల్ చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. అక్కడి నుంచి పాతబస్తీకి ఇంకో గంట, చేరాక బండి పెట్టే చోటు కోసం ఇంకో అరగంట. చార్మినార్ చుట్టూ ఎలాగూ వాహనాలను రానివ్వరు. ఇంత చేసి కారు ఎందుకు తెచ్చినట్టు? అందుకే పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావాల్సిన పని అయితే మా ఇంట్లో కారు తాళం కదలదు.

బస్సులో వచ్చేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఎక్కడ దిగాలి అన్నది. చాలామంది అలవాటుగా ఆఖరి స్టాప్ దాకా కూర్చుంటారు. అనవసరం. ఊరి అంచుకు రాగానే దిగి మెట్రో ఎక్కేస్తే ట్రాఫిక్ మొత్తం కింద ఉండిపోతుంది. వరంగల్, జనగామ, యాదగిరిగుట్ట వైపు నుంచి వచ్చేవాళ్లకు ఉప్పల్. విజయవాడ, సూర్యాపేట, నల్లగొండ వాళ్లకు ఎల్బీనగర్. కరీంనగర్, సిద్దిపేట వాళ్లకు జేబీఎస్, అంటే జూబ్లీ బస్ స్టేషన్. సంగారెడ్డి వైపు నుంచి వస్తే మియాపూర్. ఇక్కడన్నింటా మెట్రో ఉంది. కర్నూలు, మహబూబ్‌నగర్ వాళ్లకే ఈ సుఖం లేదు. ఆరాంఘర్ దగ్గర ఇంకా మెట్రో లేదు కాబట్టి వాళ్లు ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా బస్సులో కూర్చోవాల్సిందే.

రైల్లో వచ్చేవాళ్లు టికెట్ బుక్ చేసేటప్పుడు ఆఖరి స్టేషన్ పేరు జాగ్రత్తగా చూడాలి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు అక్కడికి మారాయి. స్టేషన్ కొత్తగా, విశాలంగా బాగుంది. కానీ పక్కన మెట్రో లేదు. సికింద్రాబాద్‌లో దిగితే నడిచేంత దూరంలోనే రెండు మెట్రో స్టేషన్లు, ఈస్ట్, వెస్ట్ అని. పాతబస్తీకి పోవాలంటే వెస్ట్‌కు వెళ్లండి, ఎంజీబీఎస్‌కు నేరుగా బండి దొరుకుతుంది.

మేం ముగ్గురం, అంటే అమ్మ, నా భార్య, నేను ఒక శనివారం పొద్దున ఆరింటికి ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. సూపర్ లగ్జరీ అయితే కాళ్లు చాపుకుని కూర్చోవచ్చని నేనన్నాను. ఇద్దరూ ఒప్పుకోలేదు. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చాక తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. లగ్జరీలకు అది వర్తించదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. అమ్మ ఆ టికెట్లన్నీ పర్సులో మడిచి పెట్టుకుంటుంది, ఎందుకో నాకు తెలియదు. ముగ్గురిలో డబ్బులు కట్టేది నేనొక్కడినే. సీటు దొరకాలంటే మాత్రం బస్టాండులోనే ఎక్కాలి, దారిలో ఎక్కితే నిలబడడమే.

ఉప్పల్‌లో దిగాక రోడ్డు దాటే బాధ ఇప్పుడు లేదు. 2023లో తెరిచిన స్కైవాక్ మీదుగా ఏ రోడ్డు వైపు దిగినా మెట్రో స్టేషన్‌లోకి వెళ్లిపోవచ్చు. లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మను పట్టుకుని ఆ చౌరస్తా దాటాల్సిన రోజులు గుర్తుంటే దీని విలువ తెలుస్తుంది.

టికెట్లు నేను వాట్సాప్‌లో తీశాను, మూడు క్యూఆర్ కోడ్లూ నా ఫోన్‌లోనే. గేటు దగ్గర అమ్మ కోసం ఫోన్ పెట్టాను, రెక్కలు తెరుచుకున్నాయి. అమ్మ మాత్రం "ఇటునుంచేనా బిడ్డా?" అని వెనక్కి తిరిగి అడిగింది. ఆమె అడుగు వేసేలోపు రెక్కలు మూసుకున్నాయి. పక్కనున్న సెక్యూరిటీ అమ్మాయి నవ్వుతూ పక్క గేటు తీసింది. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు కౌంటర్‌లో కాగితం టికెట్ తీసి ఎవరిది వాళ్ల చేతికివ్వడం నయం. చార్జీలు 2025 మేలో పెంచి, మళ్లీ కొంత తగ్గించారు. ఇప్పుడు కనీసం 11 రూపాయలు, ఎంత దూరమైనా 69 దాటదు. ముగ్గురికి లెక్కేస్తే ఆటో కంటే మరీ చవకేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. మనం డబ్బు పెట్టేది టైముకు. ఉప్పల్ నుంచి ఎంజీబీఎస్‌కు ముప్పావు గంట లోపే చేరాం, దారిలో పరేడ్ గ్రౌండ్స్ దగ్గర బ్లూ లైన్ దిగి గ్రీన్ లైన్ ఎక్కడంతో కలిపి. గ్రీన్ లైన్ ఆ పక్కనే, జేబీఎస్ దగ్గర మొదలవుతుంది కాబట్టి బండి ఖాళీగా ఉంటుంది. ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా మేడలన్నీ కిటికీ పక్కనే వెళ్తుంటే అమ్మ తెలిసిన ఊళ్లో తిరుగుతున్నట్టు చూస్తూ కూర్చుంది.

మెట్రో పాతబస్తీ వైపు ఎంజీబీఎస్ దగ్గర ఆగిపోయింది. చాంద్రాయణగుట్ట దాకా పొడిగించే ప్లాన్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ పేర్లతోనే స్టేషన్లున్నాయి. అవి వచ్చేదాకా మూసీ దాటి నడవాలి. ఎండ లేకపోతే మ్యూజియం దాకా నడక పెద్ద కష్టం కాదు, కాకపోతే వంతెన మీద ముక్కు మూసుకోక తప్పదు. మేం అమ్మ కోసం ఆటో ఎక్కాం. ఎంజీబీఎస్ గేటు దగ్గర నిలబడి ఉండే ఆటోలు చెప్పే రేటు వేరు, కాస్త ముందుకు నడిచి రోడ్డు మీద పోయేదాన్ని ఆపితే రేటు వేరు. యాప్‌లో బుక్ చేద్దామంటే ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడ, క్యాషా ఆన్‌లైనా" అని అడిగి కాన్సిల్ చేసేశాడు. పాతబస్తీలో యాప్‌ను నమ్ముకోవద్దు. అఫ్జల్‌గంజ్ నుంచి చార్మినార్ వైపు షేర్ ఆటోలు, సిటీ బస్సులు వస్తూనే ఉంటాయి.

సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం సెలవు, చౌమహల్లా ప్యాలెస్ కూడా అంతే. ఇది తెలియక శుక్రవారం దిగి, గేటు దగ్గర సెల్ఫీ తీసుకుని వెనక్కి పోయేవాళ్లు ప్రతివారం ఉంటారు. మ్యూజియం పదింటికి తెరుస్తారు. మొత్తం చూడాలనుకుంటే రోజంతా చాలదు, కాబట్టి ఆశ తగ్గించుకోవాలి. మేం ముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్లాం. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన బొమ్మ. మొహం మీద ముసుగు కూడా పాలరాయే, దాని వెనక కళ్లు, పెదవులు కనిపిస్తుంటాయి. మా ఆవిడ దాని ముందు చాలాసేపు నిలబడింది.

మ్యూజియంలోని పెద్ద గడియారం దగ్గర మాత్రం టైము చూసుకుని చేరాలి. గంట గంటకూ లోపలి నుంచి చిన్న గడ్డపాయన బయటికొచ్చి గంట కొట్టి పోతాడు. మధ్యాహ్నం పన్నెండుకు వెళ్తే పన్నెండు దెబ్బలు. అందుకే ఆ టైముకు జనం ఎక్కువ. పావుగంట ముందే వెళ్లినా కుర్చీలు నిండిపోయాయి. ఇంకో మూల చిన్న కమ్మరి బొమ్మ సెకనుకొక దెబ్బ వేస్తూనే ఉంటుంది. అందరూ పెద్దాయన కోసం చూస్తుంటే అమ్మ మాత్రం "వీనికి రెస్టే లేదు" అని కమ్మరిని చూసి జాలిపడింది.

చార్మినార్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిందని బడిలోనే చదువుకున్నాం. పైకెక్కే మెట్లు ఇరుకు, ఎత్తు. మోకాళ్లు మొరాయించేవాళ్లు కింద నుంచే చూడడం మంచిది. మేం ఆ టైము పక్కనే ఉన్న గాజుల బజారు, లాడ్‌బజార్‌కు పెట్టాం. ఇక్కడి లక్క గాజులకు 2024లో జీఐ ట్యాగ్, అంటే ఈ ఊరి ప్రత్యేక వస్తువన్న గుర్తింపు వచ్చింది. ఒక చిన్న కొట్లో నా భార్యకు నచ్చిన జత చేతికి బిగువైంది. కొట్టాయన దాన్ని నిప్పు సెగ మీద తిప్పి, లక్క మెత్తబడగానే కర్ర మీదికి ఎక్కించి, ఊడిన ఒక రాయిని చిమ్టాతో పట్టి మళ్లీ నొక్కాడు. అయిదు నిమిషాల పని. బేరం మాత్రం ఇరవై నిమిషాలు పట్టింది. చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టడానికి మొహమాటపడొద్దు. మధ్యాహ్నం తర్వాతైతే కొట్లన్నీ తెరిచి ఉంటాయి, రద్దీ కూడా అంతే ఉంటుంది.

శనివారం కాబట్టి అమ్మకు నీసు లేదు, ఆ లెక్కన మాకూ లేదు. మదీనా చౌరస్తా దాటుతుంటే బిర్యానీ వాసనకు నా మనసు కొట్టుకున్నా, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో సరిపెట్టుకున్నాను. అక్కడి నుంచి సిటీ బస్సులో అబిడ్స్ వెళ్లి తాజ్‌మహల్ హోటల్‌లో భోజనం చేశాం. పాత పద్ధతి శాకాహార భోజనం. సాంబారు మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు కూర్చుని స్థిమితంగా తినే చోటు కావాలి కదా, ఆ విషయంలో పూర్తి మార్కులు.

తర్వాత గోల్కొండా, బిర్లా మందిరమా అని చర్చ. గోల్కొండ నాకిష్టం. కింద కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే కొండ పైదాకా వినిపించే ఆ కట్టడం ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. కానీ అక్కడికి మెట్రో లేదు. మెహదీపట్నం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి, పైన మెట్లు. తిరిగి రావడానికి సాయంత్రం ట్రాఫిక్ సరేసరి. సొంత బండి లేకుండా చార్మినార్, గోల్కొండ ఒకేరోజు పెట్టుకుంటే రెండూ సగం సగమే చూస్తారు. గోల్కొండకు వేరే రోజు కేటాయించండి. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల సంగతి అడిగితే, టికెట్ అన్నిటికంటే చవక, హైటెక్ సిటీ, లింగంపల్లి వైపు పనికొస్తుంది. రైలు రైలుకూ మధ్య ఎడం ఎక్కువ. టైంటేబుల్ చూసుకుని వెళ్లేవాళ్లకే అది, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లకు కాదు.

బిర్లా మందిరం మధ్యాహ్నం మూసి, మళ్లీ మూడింటికి తెరుస్తారు. ఆటో కొండ కిందే ఆగుతుంది. కొంచెం ఎక్కాలి. సెల్‌ఫోన్లు లోపలికి రానివ్వరు, కింద ఇచ్చి పోవాలి. దాంతో గుడి పైన ఒక్కరు కూడా వీడియో తీస్తూ అడ్డం నిలబడరు. వేంకటేశ్వరుడి దర్శనం తొందరగా అయింది, నెట్టివేతలు లేవు. పాలరాతి అరుగు మీద కూర్చుంటే హుస్సేన్ సాగర్, మధ్యలో బుద్ధుడు కనిపిస్తారు. రోజు మొత్తంలో అమ్మ ఎక్కువ సేపు కూర్చున్నది ఇక్కడే, ఖర్చు లేనిదీ ఇదే.

రాత్రికి ఉండిపోదాం అనుకునేవాళ్లకు ఒక మాట. చూడాల్సిన చోటికి దగ్గరగా కాకుండా మెట్రో స్టేషన్‌కు దగ్గరగా గది చూసుకోండి. లక్డీకాపూల్, నాంపల్లి, అమీర్‌పేటల్లో అన్ని రేట్లలో లాడ్జీలున్నాయి. ఇంతకుముందొకసారి పాతబస్తీలో ఉన్న లాడ్జిలో దిగాం. గది పర్వాలేదు గానీ రాత్రి పన్నెండు దాకా కింద బజారు చప్పుడు. రాత్రి రైల్లో వచ్చి పొద్దున స్నానం, బ్యాగులు పెట్టుకోవడం వరకే కావాలంటే స్టేషన్‌లో రిటైరింగ్ రూములు, క్లోక్‌రూమ్ చాలు. బ్యాగుకు తాళం లేకపోతే క్లోక్‌రూమ్‌లో తీసుకోరు.

తిరుగు ప్రయాణంలో అసెంబ్లీ స్టేషన్ దగ్గర మెట్రో ఎక్కాం. మ్యాప్ అమీర్‌పేటలో మారమని చెబుతుంది, ఒక్కసారి మారితే చాలు. సాయంత్రం ఆరు తర్వాత అమీర్‌పేట ప్లాట్‌ఫాం చూసినవాళ్లు ఆ సలహా వినరు. మేం అటు వెళ్లకుండా ఎంజీబీఎస్‌కు వచ్చి గ్రీన్ లైన్, పరేడ్ గ్రౌండ్స్‌లో మళ్లీ బ్లూ లైన్ పట్టుకున్నాం. రెండుసార్లు మారాలి, కొద్దిగా ఎక్కువ టైము. గ్రీన్ లైన్‌లో ముగ్గురికీ సీట్లు దొరికాయి, బ్లూ లైన్‌లో ఎవరో కుర్రాడు లేచి అమ్మను కూర్చోబెట్టాడు.

ఉప్పల్‌లో మాత్రం ఎక్స్‌ప్రెస్ మీద ఆశ పెట్టుకోవద్దు. వారాంతం సాయంత్రం అవి వచ్చేటప్పటికే నిండి ఉంటాయి, మూడు గంటలు నిలబడి హన్మకొండ పోవడం పెద్దవాళ్ల వల్ల కాదు. నేను పొద్దునే ఫోన్‌లో సూపర్ లగ్జరీకి ఉప్పల్ బోర్డింగ్ పెట్టి మూడు సీట్లు రిజర్వ్ చేశాను. అమ్మకు బస్సు ఎక్కాక చెప్పాను. ఎంత అయిందని అడిగింది, చెప్పాను. "పొద్దుగాల జీరో టికెట్ మీద వచ్చినదాన్ని, ఇప్పుడు గింత పెట్టిపిస్తివా" అంది. జనగామ రాకముందే నిద్రపోయింది.