మాస్ట్ విరిగాక ఏది నిలబెట్టాలి: ఒంటి కొయ్యా, జంట కొయ్యలా?

నడిసముద్రంలో మాస్ట్ (తెరచాపను నిలబెట్టే నిలువు కొయ్య) విరిగి పడితే, దాన్ని పట్టి ఉంచే తీగలకు వేలాడుతున్న ఆ ముక్క ప్రతి అలకీ వచ్చి పడవను గుద్దుతుంది. పడవకు చిల్లు పడకముందే దాన్ని తెంచి వదిలేయాలి. బూమ్ (తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకొయ్య), తెరచాపలు, అందినన్ని తాళ్ళు మాత్రం దక్కించుకోవాలి. ప్రొపెల్లర్‌కి తాడు చుట్టుకోలేదని చూసుకున్నాకే ఇంజన్ వేయాలి.

తర్వాత మిగిలిన కొయ్యలతో తాత్కాలిక మాస్ట్ నిలబెట్టాలి. డెక్ మీద పాత మాస్ట్ మోడు రెండు మూడు మీటర్లు మిగిలితే అదృష్టమే. బూమ్‌ను దానికి బిగించి కట్టేయడమే మేలు.

మోడు కూడా లేకపోతే రెండు దారులు. ఒకటి, బూమ్‌ను ఒంటిగా నిలబెట్టడం. అది గట్టిది, తెరచాప కూడా రెండు వైపులా బాగా తిరుగుతుంది. కానీ నాలుగు వైపులా తాళ్ళు లాగి కట్టాలి, పైకి లేపుతున్నంతసేపూ అది పక్కలకి ఊగుతుంది. మాస్ట్ పోయాక పడవ ఊగడం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఊపును నెమ్మదింపజేసే పైబరువు పోవడంతో అది ఇంకా వేగంగా, కుదుపులతో ఊగుతుంది. అలాంటి డెక్ మీద బరువైన బూమ్ చేయి జారితే ఎముకలు విరుగుతాయి.

రెండోది, రెండు స్పిన్నేకర్ పోల్స్ (ముందు తెరచాపను పక్కకి చాచి పట్టే పొడవాటి కర్రలు) తలలు కలిపి కట్టి, కాళ్ళు డెక్ రెండు అంచులకు బిగించడం. పక్కలకి అదే నిలబడుతుంది, ముందూ వెనకా తాళ్ళు చాలు. తలుపు తెరుచుకున్నట్టు లేస్తుంది కాబట్టి ఒక్క మనిషి కూడా వించ్‌తో (తాడు లాగే చుట్టు యంత్రం) లేపగలడు. కాళ్ళు జారకుండా కట్టడంలోనే కష్టమంతా. పొడవు సమానంగా ఉన్న పోల్స్ రెండు ఉంటే నా ఓటు దీనికే. వేగం కొంత తగ్గినా ఫర్వాలేదు, మనుషులు దెబ్బ తగలకుండా ఉండాలి.

ఏది ఎంచుకున్నా, లేపకముందే కొసన కప్పీలు, తాళ్ళు (ఒకటి అదనంగా), వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెన్నా కట్టేయాలి. తెరచాపగా స్టార్మ్ జిబ్ (తుఫానులో వాడే చిన్న ముందు తెరచాప) సరిపోతుంది. జిబ్ పొడవెక్కువైతే అడ్డంగా తిప్పి కట్టొచ్చు.

ఈ ఏర్పాటుతో గాలికి ఎదురు వెళ్ళడం దాదాపు కుదరదు. అందుకే దగ్గరి రేవు కన్నా గాలివాటున ఉన్న రేవే నయం. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే పడవ పందెం 2018 గోల్డెన్ గ్లోబ్ రేసులో నార్వే నావికుడు ఆరే వీగ్ ఇలాంటి తాత్కాలిక తెరచాపతోనే దాదాపు 400 నాటికల్ మైళ్ళు నడిపి కేప్‌టౌన్ చేరాడు. అదే రేసులో ఒకే తుఫానులో భారత నావికుడు అభిలాష్ టామీ, ఐర్లండ్ నావికుడు గ్రెగర్ మెక్‌గకిన్ ఇద్దరి మాస్ట్‌లూ విరిగాయి. వెన్నుకు దెబ్బ తగిలిన అభిలాష్ లేవలేకపోయాడు. గ్రెగర్ మాత్రం దొరికిన కొయ్యతో తెరచాప ఎత్తి, అభిలాష్ ఉన్న వైపే పడవ తిప్పాడు.