రీసెర్చ్ పేపర్: తెలుగులో రాసి అనువదించాలా, వచ్చిన ఇంగ్లీషులో రాసి దిద్దించాలా?

తెలుగు మీడియంలో చదివి పీహెచ్‌డీ దాకా వచ్చిన వాళ్ళలో చాలామందికి ప్రయోగం కన్నా పేపర్ రాయడమే పెద్ద టెన్షన్. అది వాళ్ళ లోపం కాదు. 2023లో ‘ప్లాస్ బయాలజీ’ పత్రికలో ఒక సర్వే వచ్చింది. పర్యావరణ శాస్త్రాల్లో పనిచేసే 908 మందిని అడిగి చూస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళ పేపర్లు భాష కారణంగా తిరస్కరణకు గురవడం సుమారు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. ఇంత భారం మోస్తున్నవాళ్ళు ఏఐ సాయం తీసుకుంటే తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఎలా తీసుకోవాలన్నదే చూసుకోవాలి.

తెలుగులో రాసి గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పెడితే ఆలోచన అడ్డు లేకుండా సాగుతుంది. 2017లో, వాక్యం మొత్తాన్ని ఒకేసారి చూసి అనువదించే న్యూరల్ పద్ధతి వచ్చాక తెలుగు అనువాదం బాగా మెరుగుపడింది కూడా. ఇబ్బందల్లా శాస్త్ర పదాలతోనే. వరి మీద పనిచేసేవాళ్ళు ‘సుడిదోమ’ అని రాస్తే వాళ్ళ ఉద్దేశం బ్రౌన్ ప్లాంట్ హాపర్, అంటే వరి మొక్క రసం పీల్చే పురుగు. యంత్రం దాన్ని మనల్ని కుట్టే దోమగా మార్చేస్తే పేపర్ మొత్తం అభాసుపాలవుతుంది. మనం చదివిన పేపర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నప్పుడు, ఆ పదాల్ని తెలుగులోకి తెచ్చి మళ్ళీ ఇంగ్లీషులోకి పంపడం అనవసరమైన తిప్పలు.

వచ్చీరాని ఇంగ్లీషులోనే రాసి చాట్‌జీపీటీ లాంటి వాటితో దిద్దించుకుంటే పదాలు మన చేతిలోనే ఉంటాయి. ఇక్కడ ప్రమాదం వేరు. ‘ఈ రెండింటికీ సంబంధం ఉండవచ్చు’ అని మనం జాగ్రత్తగా రాసిన మాట, నునుపు తేలేసరికి ‘ఇది దానికి కారణం’ అయిపోవచ్చు. వాక్యం అందంగా ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. జర్నల్ తరఫున పేపర్‌ను పరిశీలించే రివ్యూయర్ మాత్రం పట్టుకుంటాడు. అందుకే పేపర్ మొత్తం ఒకేసారి ఇవ్వకుండా ఒక్కో పేరా ఇచ్చి, ‘వ్యాకరణం మాత్రమే దిద్దు, అర్థం మార్చకు’ అని చెప్పి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. రిఫరెన్సులు మాత్రం ఎప్పుడూ అడగొద్దు. లేని పేపర్లను ఉన్నట్టు పుట్టించే ప్రమాదం ఉంది.

నా మటుకు రెండో దారే మేలు. పేపర్‌లో మెథడ్స్ (ఎలా చేశాం), రిజల్ట్స్ (ఏం తేలింది) భాగాలు ఇంగ్లీషులో నేరుగా రాయడం కష్టమేమీ కాదు, వాక్యాలు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. ఫలితాల అర్థాన్ని చర్చించే డిస్కషన్ భాగం దగ్గర ఆగిపోతే మాత్రం వాదనను ముందు తెలుగులో రాసుకోండి. ఎందుకిలా జరిగింది, ఇంకెవరి ఫలితంతో విభేదిస్తోంది అన్నది సొంత భాషలో తేలాకే ఇంగ్లీషు మొదలుపెట్టండి. డబ్బిచ్చి మనిషితో ఎడిటింగ్ చేయించుకోగలిగితే ఇంకా మంచిదే, కానీ స్కాలర్ల ఫెలోషిప్‌లో అది అందరికీ కుదరదు.

ఏ దారి పట్టినా, పంపేముందు ఆ జర్నల్ ఏఐ నిబంధనలు చదవండి. ఏఐని రచయితగా చూపడాన్ని ‘నేచర్’ 2023లోనే కాదంది. భాష దిద్దించుకున్న సంగతి కూడా రాయమని అడిగే పత్రికలు ఉన్నాయి, అక్కర్లేదనేవీ ఉన్నాయి.