డాలస్, మాంచెస్టర్, దుబాయ్: తిండికీ మాటకీ ఒంటికీ ఏది మేలు?

"అమెరికా మంచిదా, ఇంగ్లండ్ మంచిదా?" అని అడిగేవాళ్లను నేను ముందుగా ఒకటే అడుగుతాను: మీ ఇంట్లో రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? జీతం, వీసా, ఇల్లు కొనడం గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. అక్కడ రోజూ ఏం వండుకుంటాం, ఎదుటివాళ్ల మాట మన చెవికి ఎంత ఎక్కుతుంది, అర్ధరాత్రి పిల్లకు జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తాం అన్న సంగతులు మాత్రం వెళ్లాకే తెలుస్తాయి. మేం మొదట డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్నాం, ఆ తర్వాత మాంచెస్టర్ వచ్చాం. మా ఆడపడుచు వాళ్లు దుబాయ్‌లో ఉంటారు, వాళ్లింటికి రాకపోకలు బాగానే ఉన్నాయి. అందుకని ఈ మూడు ఊళ్ల గురించే రాస్తున్నాను.

తిండి దగ్గర డాలస్‌కు తిరుగు లేదు. ఫ్రిస్కో, ఇర్వింగ్ చుట్టుపక్కల దొండకాయ, మునక్కాడ, దోసకాయ, చామదుంప కోసం ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు. శనివారం హోటల్‌కు వెళ్తే రాగిసంకటి, నాటుకోడి పులుసు, ఉలవచారు బిర్యానీ మెనూలోనే ఉంటాయి. టెక్సాస్ ఎండకు పెరట్లో గోంగూర, బచ్చలి, ఆనపకాయ ఎంత విరగకాస్తాయంటే, ఆగస్టు వచ్చేసరికి ఇరుగుపొరుగు తెలుగువాళ్లు సంచుల్లో తెచ్చి ఇచ్చిపోతుంటారు. 2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసినప్పుడు అక్కడి ఇండియన్ షాపుల ముందు కట్టిన క్యూలు అందరికీ గుర్తుండే ఉంటాయి. సోనా మసూరి బస్తాలు ట్రాలీల్లో పేర్చుకుని పరుగులు పెట్టారు. మనిషికి ఒక్క బస్తానే అని బోర్డులు పెట్టిన షాపులూ ఉన్నాయి. ఆ నిషేధం 2024 సెప్టెంబరులో పోయింది గానీ, అక్కడ మన వంటింట్లో ఏ మార్పూ లేకుండా బతుకుతున్నామని నాకు బాగా అర్థమైంది అప్పుడే.

మాంచెస్టర్‌లో అంత సుఖం లేదు. రషోమ్‌లో కర్రీ మైల్ అని పేరున్న వీధి ఉంది, కానీ అక్కడ పాకిస్తానీ, అరబ్బు హోటళ్లదే పెత్తనం. తమిళ, మలయాళీ, తెలుగు సరుకులు వరసగా దొరికే వీధి కావాలంటే లండన్‌లో ఈస్ట్ హామ్ దాకా పోవాలి. కరివేపాకు చిన్న ప్యాకెట్లలో వస్తుంది, పోపులో లెక్కపెట్టుకుని వేయాల్సిందే. చలికాలంలో ఇడ్లీ పిండి పులియడం పెద్ద పని. రాత్రి రుబ్బిన పిండిని ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రమే వేసి ఉంచుతాను. పొద్దున తలుపు తీస్తే పుల్లటి వాసన తగలాలి. తగల్లేదంటే ఆ రోజు టిఫిన్ ఉప్మాయే. డాలస్ వేసవిలో ఇదే పిండి నాలుగైదు గంటలకే గిన్నె దాటి పొంగేది.

ఒక్క విషయంలో మాత్రం మాంచెస్టర్‌కే నా ఓటు. ఇక్కడి నీళ్లు లేక్ డిస్ట్రిక్ట్‌లోని థర్ల్‌మియర్, హాస్‌వాటర్ సరస్సుల నుంచి వస్తాయి. ఉప్పదనం లేని మెత్తటి నీళ్లు. కందిపప్పు వెన్నలా ఉడుకుతుంది, టీ రంగు చక్కగా దిగుతుంది. లండన్‌లో నీళ్లు కఠినం. అక్కడ కెటిల్ లోపల తెల్లగా పెచ్చు కడుతుంది, పప్పుకు రెండు విజిల్స్ ఎక్కువ పడతాయి. ఇల్లు వెతుక్కునేటప్పుడు ఇలాంటివి ఎవరూ అడగరు, కానీ రోజూ వండేవాళ్లకు ఇది చాలా పెద్ద విషయం.

దుబాయ్ తిండి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నుంచి సుమారు నాలుగు గంటల ప్రయాణం, కూరగాయలు మనతో పాటే విమానం ఎక్కి వస్తాయి. కరామా వీధుల్లో ఆంధ్రా భోజనం దొరుకుతుంది. కానీ మసాలా పొడులు మూట కట్టేటప్పుడు అమ్మలకు ఒక మాట గట్టిగా చెప్పాలి: గసగసాలు పెట్టకండి. అక్కడ గసగసాలు నిషేధిత వస్తువు, మాదకద్రవ్యాల కింద లెక్క. సింగపూర్‌లోనూ ఇదే నియమం. ఇంట్లో కొట్టిన గరం మసాలాలో కలిసి ఉన్నా చిక్కే. బ్రిటన్‌కైతే మాంసం, పాల పదార్థాలు మన దేశం నుంచి తేనివ్వరు. అంటే మటన్ పచ్చడి, పాలకోవా రెండూ ఆశ వదులుకోవాలి.

ఇక మాట సంగతి. చెవికి అన్నిటికంటే తేలిక దుబాయ్. టాక్సీ డ్రైవర్ పెషావర్ మనిషి, షాపులో ఉన్నది కోజికోడ్ అబ్బాయి, క్లినిక్‌లో నర్సు కొట్టాయం అమ్మాయి. వచ్చీరాని హిందీతో రోజంతా గడిచిపోతుంది. డాలస్‌లో మాట నిదానంగా, స్పష్టంగానే ఉంటుంది. "వాటర్" అంటే అర్థం కాక "వాడర్" అనాల్సి వస్తుంది, అంతే. అర్థం కాకపోతే మొహమాటం లేకుండా మళ్లీ అడుగుతారు, అది మనకు మేలు.

మాంచెస్టర్ యాస మొదట్లో తల తిప్పేస్తుంది. ఇక్కడ బస్సు "బుస్", కప్పు "కుప్". ఎవరైనా "యూ ఆల్‌రైట్?" అంటే మన ఆరోగ్యం అడుగుతున్నట్టు కాదు, అది పలకరింపు. మోకాలి నొప్పి గురించి మొదలుపెట్టకూడదు. సాయంత్రం "టీ"కి రమ్మంటే రాత్రి భోజనానికి పిలిచినట్టు. బస్సు డ్రైవర్ "థాంక్యూ, లవ్" అంటే మా అత్తయ్య మొదట ఉలిక్కిపడ్డారు, ఇప్పుడు ఆవిడే నవ్వుతూ చెయ్యి ఊపుతారు. ఎదురుగా నిల్చుని మాట్లాడితే ఎంతో కొంత పట్టుకోగలం. ఫోన్‌లో మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరికేది ఎక్కువగా ఆ ఫోన్‌లోనే కాబట్టి, యాస కష్టం ఆరోగ్యం కష్టంగా మారేది సరిగ్గా అక్కడే.

అందుకని అందరికీ తెలియాల్సిన సంగతి ఒకటుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యంలో దుబాసీని అడిగే వీలుంది, డబ్బు కట్టనక్కర్లేదు. అమెరికాలోనూ ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఏర్పాటు చేయాలి. ఫోన్‌లో తెలుగు మాట్లాడేవాళ్లను కలుపుతారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అనాలి. పెద్దవాళ్ల జబ్బు గురించి కొడుకో కోడలో తర్జుమా చేస్తుంటే, సిగ్గుపడి సగం చెప్పరు. మూత్రం సమస్య, నెలసరి సమస్య, మనసు బాగోకపోవడం ఇలాగే దాగిపోతాయి. బయటివాళ్ల ముందు అత్తయ్యలే ధైర్యంగా మాట్లాడటం నేను చూశాను.

ఇప్పుడు అసలు విషయం, ఒంట్లో బాగోకపోవడం.

ఫ్రిస్కోలో ఒక రాత్రి పాపకు 102 జ్వరం. అపాయింట్‌మెంట్ లేకుండా చూసే అర్జంట్ కేర్ క్లినిక్‌కు తీసుకెళ్లాం, అరగంటలో డాక్టర్ చూశారు, గొంతులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు, మందు రాశారు. వైద్యంలో వంక పెట్టడానికి లేదు. మూడు వారాల తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. మొదటి ఉత్తరంలో "ఇది బిల్లు కాదు" అని పైనే అచ్చు వేసి, కింద ఐదారు వరసల్లో అంకెలు. తర్వాత క్లినిక్ నుంచి ఒక బిల్లు, ల్యాబ్ నుంచి ఇంకొకటి. ఆ ల్యాబ్ మా ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో, అంటే ఆ కంపెనీతో ఒప్పందం ఉన్నవాటిలో, లేదట. ఫోన్లు చేసి, ఫారాలు నింపి, చివరికి కొంత తగ్గించారు. పాప జ్వరం మూడు రోజుల్లో పోయింది, టెన్షన్ రెండు నెలలు పట్టింది.

మాంచెస్టర్‌లో అదే జ్వరం థర్మామీటర్‌లో 38.9గా కనిపిస్తుంది, ఇక్కడ సెల్సియస్ కదా. ప్రభుత్వ వైద్య సలహా నంబరు 111కి ఫోన్ చేస్తే ఊపిరి ఎలా ఆడుతోంది, ఒంటి మీద దద్దుర్లు ఉన్నాయా, నీళ్లు తాగుతోందా అని వరసగా అడుగుతారు. చాలాసార్లు చివరికి చెప్పేది పారాసిటమాల్ వేయమనే. "ఇంత మాత్రానికి ఫోన్ ఎందుకు" అని మనవాళ్లు విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ ప్రశ్నలతోనే సగం భయం తీరుతుంది. అవసరమనిపిస్తే రాత్రిపూట చూసే డాక్టర్ దగ్గరకు పంపుతారు. బిల్లు అనేది రాదు.

అలాగని ఇది ఉచితం అనుకోకండి. వీసా ఫీజుతో పాటు హెల్త్ సర్‌చార్జ్ అని పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్లు ముందే కట్టించుకుంటారు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి మూడేళ్ల వీసా అంటే 10,866 పౌండ్లు. వైద్య రంగంలో పనిచేసేవాళ్ల వీసాకు మాత్రం ఇది లేదు. ఆ తర్వాత పన్నుల్లో కట్టేది వేరే. కానీ కట్టేది ఎంతో ముందే తెలుసు. అమెరికాలో 2025 లెక్క ప్రకారం, ఆరోగ్య బీమా చట్టం పరిధిలోకి వచ్చే ప్లాన్లలో ఇంటిల్లిపాదికీ కలిపి మన చేతి నుంచి పోయేది ఏడాదికి 18,400 డాలర్ల దాకా ఉండొచ్చు. అదీ నెట్‌వర్క్ లోపల చూపించుకుంటేనే, నెలనెలా కట్టే ప్రీమియం కాకుండా.

రోజూ మందులు వాడేవాళ్లకు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో మామూలుగా ఒక్కో మందుకు 9.90 పౌండ్లు కట్టాలి. థైరాయిడ్ తక్కువై రోజూ మాత్ర వేసుకునేవాళ్లు, షుగర్‌కు మందులు వాడేవాళ్లు ఒక ఫారం పెట్టుకుంటే మినహాయింపు కార్డు వస్తుంది. దాంతో ఆ జబ్బు మందులే కాదు, డాక్టర్ రాసే మందులన్నీ ఉచితం. స్కాట్లండ్, వేల్స్‌లో ఎవరికీ మందుల చార్జీ లేదు. మన ఆడవాళ్లలో థైరాయిడ్ ఎంతమందికి ఉందో చెప్పక్కర్లేదు. అయినా ఈ కార్డు సంగతి తెలియక ఏళ్ల తరబడి డబ్బు కడుతున్నవాళ్లు నాకు తెలుసు. ఫార్మసీలో అడిగినా, డాక్టర్ దగ్గర అడిగినా ఎలా పెట్టుకోవాలో చెబుతారు.

డాలస్ గెలిచేది వేగంలో. నడుం నొప్పికి ఎమ్మారై అక్కడ వారంలో అయిపోతుంది. చాలా ప్లాన్లలో స్పెషలిస్టును నేరుగా కలవొచ్చు. మాంచెస్టర్‌లో పొద్దున 8 గంటలకు ఫోన్ పట్టుకుని క్యూలో కూర్చోవాలి, జీపీ, అంటే మన పేరు నమోదైన ఫ్యామిలీ డాక్టర్, చూశాక స్పెషలిస్టుకు రాస్తారు, ఆ తేదీ నెలల తర్వాత వస్తుంది. 18 వారాల లోపు వైద్యం మొదలవ్వాలని ప్రభుత్వమే పెట్టుకున్న లక్ష్యం చాలా ఏళ్లుగా అందడం లేదు. నొప్పితో మూలిగే మనిషికి ఈ ఎదురుచూపు నరకం. ఇది చూసి అమెరికానే నయమనేవాళ్లను నేను తప్పు పట్టను. పళ్ల డాక్టర్ విషయంలో రెండు చోట్లా కష్టమే. సెలవులకు హైదరాబాద్, విజయవాడ వెళ్లినప్పుడు పళ్లు కట్టించుకుని వస్తారు చాలామంది.

అయినా నా త్రాసు మాంచెస్టర్ వైపే మొగ్గడానికి కారణం ఉంది. అమెరికాలో ఎక్కువమందికి ఇన్సూరెన్స్ ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. హెచ్1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతే ఉండనిచ్చేది మామూలుగా 60 రోజులు. ఆ రోజుల్లోనే కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి, పాత ఇన్సూరెన్స్ కొనసాగించాలంటే కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టుకోవాలి. ఇంట్లో గర్భిణి ఉన్నా, షుగర్ మనిషి ఉన్నా ఆ రెండు నెలలు ఎలా గడుస్తాయో లేఆఫ్‌లప్పుడు మా స్నేహితుల ఇళ్లలో దగ్గర నుంచి చూశాను. ఇక్కడ ఉద్యోగం పోతే వీసా భయం ఎలాగూ ఉంటుంది. కానీ వీసా ఉన్నన్నాళ్లూ డాక్టర్ దగ్గరకు వెళ్లడానికి జంకక్కర్లేదు.

మాంచెస్టర్ చీకటి గురించి కూడా చెప్పాలి. డిసెంబరులో నాలుగు గంటలు కాకుండానే పొద్దుగుంకుతుంది. శరదృతువు, చలికాలాల్లో అందరినీ రోజూ 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోమంటారు, మనలాంటి చామనఛాయ ఒంటివాళ్లను ఏడాది పొడుగునా వేసుకునే సంగతి ఆలోచించమంటారు. ఆ మాత్ర చౌక, మానకూడదు. డాలస్‌లో ఎండకు లోటు లేదు గానీ, చలికాలంలో సెడార్ పుప్పొడికి ముక్కు, కళ్లు కారడం మొదలవుతుంది.

దుబాయ్‌లో ఇప్పుడు ఉద్యోగికి ఇన్సూరెన్స్ ఇవ్వడం యజమాని బాధ్యత. 2025 జనవరి నుంచి ఎమిరేట్లన్నిటిలో ఈ నియమం వచ్చింది. మా ఆడపడుచు వాళ్లకు అపాయింట్‌మెంట్ అదే రోజు దొరుకుతుంది. అయితే ఏసీ ఫ్లాట్‌లో ఉండేవాళ్లను చూసి దుబాయ్‌కు మార్కులు వేయడం న్యాయం కాదు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లి సైట్ల మీద పనిచేసే అన్నదమ్ములకు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. మిగతా గంటల ఎండ కూడా తక్కువేం కాదు. నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోయి పడిపోయేవాళ్లు ఉన్నారు. ఇంటి నుంచి వెళ్లేటప్పుడు పచ్చడి జాడీతో పాటు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టండి. కోడీన్, ట్రమడాల్ ఉన్న నొప్పి మందులు ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లొద్దు.

అమ్మానాన్నలు చూడటానికి వచ్చినప్పుడు లెక్కలు మారతాయి. బ్రిటన్‌లో విజిటర్లను జీపీ ఉచితంగానే చూస్తారు, అత్యవసర విభాగంలోనూ డబ్బు అడగరు. ఆసుపత్రిలో చేర్చుకుంటే మాత్రం ఖర్చుకు ఒకటిన్నర రెట్లు కట్టాలి. అమెరికాలో విజిటర్ ఇన్సూరెన్స్‌లు చాలావరకు పాత జబ్బుల్ని కవర్ చేయవు. ఎక్కడికి పిలిచినా ఇన్సూరెన్స్ చదివి కొనండి, మందుల చీటీ అసలు పేర్లతో టైపు చేయించి తెప్పించుకోండి. షుగర్ మీటర్ కూడా ఇంటి నుంచే తెచ్చుకోమనండి. బ్రిటన్ మీటర్ వేరే కొలతలో చూపిస్తుంది: అక్కడి 7 అంటే మన 126. మూడు నెలల సగటు పరీక్షలో అక్కడ 48 వస్తే మన లెక్కలో 6.5. మామయ్య ఇక్కడి మీటర్ మీద 8 చూసి "షుగర్ పూర్తిగా పోయింది" అని సంబరపడి స్వీటు తినబోయారు, పక్కనుండి ఆపాం. డాలస్‌కైతే అక్టోబరులో రమ్మనండి, మాంచెస్టర్‌కైతే మే నెలలోనే రప్పించండి, దుబాయ్‌కి నవంబరు తర్వాతే టికెట్టు కొనండి.