రోజుకో పేజీనా, నెలల తరబడి ఒకే పుస్తకమా: ఏది మేలు?

జనవరి 1కి ఒక పేజీ, 2కి ఇంకో పేజీ అంటూ ఏడాదికి సరిపడా పేజీలుండే పుస్తకాలు ఇప్పుడు చాలామంది దగ్గర కనిపిస్తున్నాయి. పొద్దున్నే ఆ రోజు పేజీ చదివితే మన మీద మనకు అదుపు వస్తుందనీ, మనుషులు అర్థమవుతారనీ చెప్పి అమ్ముతారు. నన్నడిగితే ఆ రెండూ వేర్వేరు పనులు. మొదటిదానికి సాయపడే చదువు రెండోదానికి పెద్దగా పనికిరాదు. అందుకే ఏది మేలు అని అడిగేవాళ్లను ముందు నేను అడిగేది, దేనికోసం చదువుతున్నారు అని.

ముందు నిగ్రహం సంగతి. కోపం చెడ్డదని తెలియనివాడు ఎవడూ లేడు, తెలిసే అరుస్తాం. కాబట్టి ఇక్కడ కొరత జ్ఞానానికి కాదు, సమయానికి గుర్తు రాకపోవడమే అసలు ఇబ్బంది. ఆ గుర్తు రావడానికి కొత్త విషయాలు అక్కర్లేదు, పాతదే మళ్లీమళ్లీ చెవిన పడాలి. రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ తన కోసం తాను గ్రీకులో రాసుకున్న నోట్సు చూడండి, అందులో కొంత యుద్ధ శిబిరాల్లో ఉండగా రాసింది. ఈ రోజు అనవసరంగా జోక్యం చేసుకునేవాళ్లు, కృతజ్ఞత లేనివాళ్లు, పొగరుబోతులు ఎదురవుతారని పొద్దున్నే తనకు తాను చెప్పుకుంటాడు. కోపం, చావు, పేరు ప్రతిష్ఠలు, మళ్లీ కోపం, మళ్లీ చావు. పుస్తకంలా చదివితే విసుగు పుడుతుంది, పుట్టాలి కూడా, ఎందుకంటే అది మనకోసం రాసింది కాదు.

ఈ లెక్కన చిన్న పేజీ మంచిదే. పొద్దున్నే, గొడవ మొదలుకాకముందే, రెండు నిమిషాల్లో అయిపోతుంది. కానీ తేదీల పుస్తకానికి ఉన్న జబ్బు ఆ తేదీలే. ఇవాళ ఓర్పు, రేపు దురాశ, ఎల్లుండి మృత్యువు. కోపం గురించిన పేజీ మార్చిలో వస్తుంది, మీకు తిక్క రేగేది జూలైలో. అప్పటికి ఆ పేజీ ఎక్కడ గుర్తుంటుంది! పైగా నాలుగు రోజులు తప్పిపోతే ఐదోరోజు కూర్చుని బాకీ తీరుస్తున్నట్టు ఐదు పేజీలూ గబగబా లాగించేస్తారు, అది చదవడం కిందికి రాదు. తప్పిన పేజీల్ని అలాగే వదిలేయండి, వచ్చే ఏడాది మళ్లీ అదే తేదీ వస్తుంది.

18వ శతాబ్దపు అమెరికన్ నాయకుడు, రచయిత బెంజమిన్ ఫ్రాంక్లిన్ పద్ధతి నాకు ఇంతకన్నా నచ్చుతుంది. 13 గుణాలు రాసుకుని, వారానికి ఒక్కదాని మీదే ప్రత్యేకంగా దృష్టి పెట్టి, తప్పిన చోటల్లా చిన్న పుస్తకంలో నల్లచుక్క పెట్టుకునేవాడు. 13 వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. అన్నిట్లోకీ తనను ఎక్కువ ఏడిపించింది వస్తువుల్నీ పనుల్నీ ఒక క్రమంలో పెట్టుకోవడమేనని ఆయనే చెప్పుకున్నాడు, అది చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. మీ దగ్గర తేదీల పుస్తకం ఉంటే పారేయక్కర్లేదు, తేదీని పట్టించుకోకుండా తగిలిన పేజీ దగ్గర వారం రోజులు ఆగిపోండి. చదివాక పుస్తకం మూసేసి మీ మాటల్లో ఒకసారి చెప్పుకోండి. మళ్లీ చదివినవాళ్లకన్నా చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుందని 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద చేసిన పరిశోధనలో తేలింది.

ఫోన్లో పొద్దున్నే వచ్చిపడే సూక్తుల గురించి చెప్పడానికేమీ లేదు. వేలు కదిపితే పోతాయి.

ఇక మనుషుల్ని అర్థం చేసుకోవడం. ఇక్కడ రోజుకో పేజీ దాదాపు దండగ అనే అంటాను, కాస్త నష్టం కూడా. అసూయ గురించి పదునైన పేజీ ఒకటి చదివారనుకోండి, ఆ క్షణాన మీకు గుర్తొచ్చేది మీరు కాదు, ఆఫీసులో పక్క సీటు మనిషి. 'అబ్బ, అచ్చం వాడే!' అనుకుంటారు, మధ్యాహ్నం వాడు మామూలుగా ఏదో అన్నా అందులో అసూయే వినిపిస్తుంది. పొద్దున అచ్చేసిన ముద్ర అది.

ధర్మరాజు జూదాన్నే తీసుకోండి. పేజీలో రాస్తే 'వ్యసనం ఎంతటివాడినైనా ముంచుతుంది' అని ఒక్క ముక్కలో తేలిపోతుంది. కథ మొత్తం చదివితే అలా తేలదు. సర్వం ఓడి, నిండు సభలో ద్రౌపదికి ఆ అవమానం జరిగాక, ధృతరాష్ట్రుడు వరాలిచ్చి అన్నీ వెనక్కి ఇచ్చేస్తాడు. ఇంటికి బయల్దేరినవాణ్ణి దారిలోంచి మళ్లీ పిలిపిస్తే, మళ్లీ వచ్చి కూర్చుంటాడు! ఎదుట ఉన్నది అదే శకుని, ఈసారి పందెం పన్నెండేళ్ల వనవాసం, ఏడాది అజ్ఞాతవాసం. ఎందుకు వచ్చాడు? పెద్దాయన పిలుపు కాదనలేకా, విధి అని సరిపెట్టుకునా, లేక ఈసారి గెలుస్తాననే ఆశ ఇంకా చావకనా? మీరు రోజుకు పావుగంట చొప్పున చదువుతూ ఈ ప్రశ్నను వారం పాటు మోస్తే, తెలిసి తెలిసి అదే గోతిలో మళ్లీ పడే మనుషులు ఇంట్లో, బయట కనిపించడం మొదలవుతారు, వాళ్లను చూస్తే తిట్టాలనిపించడం కూడా తగ్గుతుంది.

ఈ పేచీ కొత్తదేం కాదు. రోమన్ తత్వవేత్త సెనెకా తన స్నేహితుడు లూసిలియస్‌కు రాసిన రెండో ఉత్తరంలోనే, నానా పుస్తకాల్లో తిరగకు, రోజుకు ఒక్క ఆలోచన పట్టుకుని జీర్ణించుకో అంటాడు. మొదటి ఉత్తరాల్లో చివర ఒక మంచి మాట కానుకలా పెట్టి పంపేవాడు. అలాంటివాడు 33వ ఉత్తరానికి వచ్చేసరికి, ఎదిగిన మనిషి ఏరుకున్న ముక్కలు వల్లెవేయడం సిగ్గుచేటు, మొత్తం చదవాలి అని కసురుకుంటాడు. మాట మార్చాడనుకోను, లూసిలియస్ ముందుకొచ్చాడు కాబట్టి చదువూ మారాలన్నాడనే నా నమ్మకం.

మూడో దారి ఒకటుంది, ఎవరూ అంత సరదాగా చెయ్యరు: రాత్రి మూడు ముక్కలు రాసుకుని, నెల తర్వాత మన రాత మనమే చదువుకోవడం. 'మధ్యాహ్నం తినలేదు. మీటింగ్ సాగింది. ఇంటికొచ్చి పిల్లాడి మీద అరిచాను.' ఇలాంటివి నాలుగు కనబడితే, మీ కోపానికి పిల్లాడి అల్లరితో సంబంధం తక్కువని అర్థమవుతుంది, ఈ సంగతి ఏ పుస్తకంలోనూ దొరకదు. ఒకటే జాగ్రత్త, డైరీలో మనకు మనమే లాయర్లం. ఎందుకలా చేశానో రాయడం మొదలుపెడితే అరపేజీలో నిర్దోషిగా బయటికొస్తాం. ఏం జరిగిందో మాత్రమే రాయాలి.

నిగ్రహమే కావాలంటే వారం రోజులు ఒకే పేజీ, దాంతోపాటు రాత్రి ఆ మూడు ముక్కలు. మనుషులు అర్థం కావాలంటే పెద్ద పుస్తకం. రెండూ కావాలన్నవాళ్లకు రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ చివరి సంవత్సరాల్లో కూర్చిన రోజువారీ పఠనాల పద్ధతి బాగుంటుంది, రోజూ కొన్ని సూక్తులిచ్చి, వారం చివర ఒక కథో వ్యాసమో, కాస్త పెద్దది పెట్టాడు. పెద్ద పుస్తకం ఎంచుకునేటప్పుడు మాత్రం మీకు ఒళ్లు మండే పాత్ర ఒకటైనా ఉన్నదాన్ని పట్టుకోండి. ఆ పాత్ర వైపు నుంచి, వెటకారం లేకుండా, నాలుగు వాక్యాలు రాయగలిగితే ముందుకెళ్లండి. రాయలేకపోతే ఆ అధ్యాయం మళ్లీ చదవండి.