నాలుగేళ్లు వాడాక: వంశవృక్షం సైటు, ఇద్దరు జోసెఫ్‌లు

సైటు పేరు చెప్పను. చెట్టు ఎలా గియ్యాలి, సెర్చ్ ఎలా చెయ్యాలి అనేవి అందరికీ తెలిసినవే. నా గొడవంతా ఆ పచ్చ చుక్క గురించి. అదే, హింట్: "మీవాళ్లు ఈ రికార్డులో ఉన్నట్టున్నారు" అని సైటు తనంతట తానిచ్చే సూచన.

మా ఆయనది కెనడాలోని మాంట్రియల్. వాళ్లింట్లో తరతరాలుగా ఒక మాట ఉంది: ముత్తాతకు తాత, లూయీ కెవియోన్ దగ్గర చర్చిల్లో చెక్క నగిషీ పని చేశాడని. కెవియోన్ అంటే ఇక్కడ చిన్న పేరు కాదు. 1800ల మొదట్లో, ఇప్పటి లావల్‌లో కలిసిపోయిన ఊళ్లో వర్క్‌షాపు పెట్టి, ఎంతోమంది శిష్యులతో చర్చిల లోపలి చెక్కపనంతా చేయించాడు.

మొదటి చలికాలం ఒక్క వారంలో ఆరు తరాలు వెనక్కి వెళ్లిపోయాను. ఆ ఊపులో ఆఫీసులో ముగ్గురి చేత కొనిపించాను కూడా. ఇప్పుడు ఆలోచిస్తే ఆ గొప్పతనం సైటుది కాదు, చర్చి రిజిస్టర్లు రాసిన ఫాదర్లది. పెళ్లి నమోదులో మామూలుగా రెండు వైపులా అమ్మానాన్నల పేర్లుంటాయి. ఆడవాళ్లకు చచ్చిపోయేదాకా పుట్టింటి పేరే. మా వైపు ముత్తవ్వ ఇంటిపేరేంటని అడిగితే, "మనింటి కోడలేగా" అంటారు!

తర్వాత హింట్ వచ్చింది. జోసెఫ్, మెన్విజియే, అదే ఊరు. మెన్విజియే అంటే తలుపులు, కిటికీలు, సామాను చేసే వడ్రంగి. ఇంటి దూలాలు, కప్పు ఎత్తేవాడు వేరు, అతను షార్పాంతియే. నొక్కాను, చెట్టుకు అతుక్కుంది. అత్తగారి పుట్టినరోజుకు ఫ్రేము కూడా కట్టించాం.

ఆ కాలంలో మగపిల్లాడంటే ముందు జోసెఫ్ తగిలించడం మామూలే. పైగా 'ది' పేర్లు, అంటే ఒక ఇంటిపేరుకు ఇంకో పేరు తగిలించినవి; ఫ్రెంచిలో 'ది' అంటే 'అనే'. కెవియోన్ భాగస్వామి ఒకాయన రెనే బోవె ది సెయింట్‌జేమ్స్. అంటే సెయింట్‌జేమ్స్ అనే బోవె. ఇలాంటి ఇంట్లో ఒక కొడుకు ముందు పేరు, ఇంకొకడు వెనక పేరు పట్టుకుపోవచ్చు. సైటుకు ఇది అర్థం కాలేదు. నాకూ కాలేదు, నిజం చెప్పాలంటే.

రెండేళ్లకు సంతకం దగ్గర దొరికిపోయింది. 1818లో ఒక బాప్టిజం కింద మేం మా జోసెఫ్ అనుకున్నవాడు చక్కగా సంతకం పెట్టాడు. 1821లో ఇంకో బిడ్డకు, తండ్రికి సంతకం రాదని ఫాదర్ రాశారు. మూడేళ్లలో సంతకం మర్చిపోతాడా మనిషి? ఇద్దరు జోసెఫ్‌లు. మనవాడు సంతకం రానివాడు.

తేల్చింది ఈ సైటు కాదు. క్యూబెక్ ప్రభుత్వ ఆర్కైవ్స్, అంటే బీఏఎన్‌క్యూ, ఉచితంగా పెట్టిన నోటరీ కాగితాలు. 1866లో సివిల్ కోడ్ వచ్చేదాకా అక్కడ పారిస్ ఆచారమే, అంటే ఫ్రాన్స్ నుంచి వచ్చిన పాత కట్టుబాట్లే, చట్టం, మొగుడూపెళ్లాల ఆస్తి ఉమ్మడి. ఒకరు పోతే పిల్లల వాటా కోసం నోటరీ ఇంటికొచ్చి సామానంతా రాయించేవాడు. భార్య పుట్టింటి పేరు పట్టుకుని పేజీ పేజీ తిప్పితే దొరికింది మా జాబితా: వర్లోప్ ఒకటి (మన పొడుగు చిత్రిక), చిన్న చిత్రికలు రెండు, ఉలులు ఏడు, పిడి లేని రంపం, సగం చేసిన తలుపు రెక్కలు నాలుగు. నగిషీ చెక్కే వంపు ఉలి ఒక్కటీ లేదు. ఆ తలుపు రెక్కల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

కొనాలా అంటే, ఇంట్లో ఫ్రెంచి చదివేవాళ్లుంటే ఆరు నెలలకు కట్టుకోండి, హింట్లు ఆఫ్ చేసుకోండి. నేను ఇంకా కడుతున్నాను, పాత మైక్రోఫిల్ముల్లో పేరుతో వెతకడం దీన్లోనే నాకు చేతనవుతుంది కాబట్టి. మా ఆయన పక్కన కూర్చుని ఆ చేతిరాత చదవకపోతే ఇదీ దండగే.

ఫ్రేము మాత్రం అత్తగారి హాల్లోనే ఉంది. సంగతంతా చెప్పాను. ఆవిడ విని, "ఉలి ఎవరికో అరువిచ్చి ఉంటాడు" అన్నారు.